నవమి నాడు పొదిలికి కారులో

పోయిన దసరా సెలవుల్లో మా మనవడు నన్ను కారులో పొదిలి తీసుకుపోతుంటే, కొనకనమిట్ల దగ్గర బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. వాడు సీట్లోంచి దిగను కూడా దిగలేదు. ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడాడు. మేం ఎక్కడున్నామో కూడా ఆ ఫోనే వాళ్లకు చెప్పిందట. కాసేపటికి ఒక మెకానిక్ మోటారు సైకిలు మీద వచ్చి, ముందు మూత ఎత్తి, ఏదో సరిచేసి, డబ్బులు ఫోన్లోనే తీసుకొని వెళ్లిపోయాడు. డిక్కీలో జాకీ, పానాలు అన్నీ ఉన్నాయి గానీ ఆ సంచి కొన్ననాటి నుంచి విప్పిన జాడ లేదు. "చూసినావా అవ్వా, మీ కాలంలో అయితే ఈడనే తెల్లారేది" అన్నాడు వాడు గొప్పగా. పాతకాలమంతా బంగారం అనే మనుషులతో నాకు పడదు. ఆ బంగారంలో నేనూ బతికాను, అందులో కల్తీ ఎంతో నాకు తెలుసు. అయినా వాడి మాట కాస్త గుచ్చుకుంది. ఎందుకంటే మా కాలంలో ఇదే దారిలో, ఇదే పండక్కి, మా బండీ ఆగింది. అక్కడ తెల్లారలేదు. ఆ సంగతి చెప్పబోతే వాడు చెవుల్లో పాటలు పెట్టుకున్నాడు. అందుకని మీకు చెబుతున్నాను.

మా ఊరు మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది, పొదిలి నెల్లూరు జిల్లాలో. రెండు జిల్లాలకూ రాజధాని మదరాసే. మా నాయన పలకల వ్యాపారం చేసే ఒక షావుకారు దగ్గర గుమాస్తా. ఆయన ఇంటికొస్తే పలకల పొడి వాసన వచ్చేది, ఎండిన నేల మీద మొదటి చినుకు పడ్డట్టు. ఏడాదిలో ఒక్క దసరాకే ఆ వాసన ఇంట్లో ఉండేది కాదు. అష్టమి నాడు ఇంట్లో ఇనుమన్నదంతా వాకిట్లోకి వచ్చేది. పారలు, గడ్డపారలు, కొడవళ్లు, కత్తిపీట, ఇనుప పొన్ను వేసిన అమ్మ రోకలి, చివరికి నాయనను కన్న మా అవ్వ అడకత్తెర కూడా. చింతపండు, బూడిద పెట్టి తోమి, ఆముదం రాసి ఎండలో పెడితే ఇల్లంతా అదొక రకం పులుపు, జిడ్డు కలిసిన వాసన. నవమి తెల్లవారి పసుపు కుంకుమ పెట్టి అమ్మవారి ముందు వరసగా పేర్చేవాళ్లు. ఇక దశమి నాడు ఉద్వాసన చెప్పేదాకా వాటిని ముట్టకూడదు. ఏడాది పొడుగునా మనకోసం చాకిరీ చేశాయి కాబట్టి ఆ ఒక్క రోజు వాటికి సెలవు. కూరగాయలు ముందురోజే తరిగి తడిగుడ్డలో చుట్టి పెట్టేది అమ్మ. నా పలకా పుస్తకాలూ పూజలో ఉండేవి కనుక నాకు అంతకంటే పెద్ద పండుగ లేదు. కష్టమంతా అవ్వదే. అడకత్తెర లేక వక్క ముక్కలు చేసుకోలేక, గుండు వక్కనే బుగ్గన పెట్టుకొని రోజంతా నానబెట్టేది, మధ్య మధ్య అమ్మవారిని కూడా కాస్త విసుక్కునేది.

ఇక అసలు సంగతి. మా నాయనకు ఒక్కతే అక్క. పొదిలిలో ఇచ్చారు. మాకు మేనత్త. తాత చనిపోయినప్పుడు కబురు అందగానే అత్త ఎద్దులబండి కట్టించుకొని బయల్దేరింది. దారిలో వాగు పొంగింది. ఒడ్డున కూర్చొని, నీళ్లు తీశాక దాటి, మా ఇల్లు చేరేసరికి దహనం కూడా అయిపోయింది. తండ్రి ముఖం ఆఖరుసారి చూసుకోలేదు. ఏడుస్తూ గుమ్మంలోకి వచ్చిన అక్కను పట్టుకొని నాయన, బంధువులందరి ముందు, "రావాలని ఉంటే వాగులు అడ్డమొస్తాయా?" అన్నాడు. దుఃఖంలో నోరు జారిన మాట. కానీ జారిన మాటను వంగి తీసుకోవడం మా నాయనకు చేతకాదు. కర్మలు ముగిశాక అత్త వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. తర్వాత తనే రెండు మూడుసార్లు కబురు పంపింది. ప్రతిసారీ నాయనకు ఏదో ఒక పని అడ్డం వచ్చేది. కొట్లో లెక్కలనేవాడు, ఒళ్లు వెచ్చగా ఉందనేవాడు. సిగ్గు అని మాత్రం అనేవాడు కాదు. మధ్యలో నలిగిపోయింది అవ్వ. కూతురి పేరు ఎత్తితే కొడుకు లేచిపోతాడు, ఎత్తకపోతే తనకు ముద్ద దిగదు. ఇద్దరూ తన పిల్లలే అని ఆమె ఎవరితోనూ అనేది కాదు, నన్ను పక్కలో వేసుకొని అత్త చిన్నప్పటి అల్లరి చెప్పేది, అంతే.

ఆ ఏడు దసరాకు ముందు, పొదిలి నుంచి తమలపాకులు తెచ్చే ఆయన మా వాకిట్లో తట్ట దించి, అత్త మాటగా చెప్పాడు: "నవమి నాడు మధ్యాన్నం అన్నానికి అమ్మను తోడుకొని తమ్ముడు రావాలంట. వస్తే మంచిది. ఈసారి గూడా ఏదో ఒకటి చెప్పి రాకపోతే, ఇంక పిలిచేది లేదంట. తనకు పుట్టిల్లు లేదనుకుంటదంట." నాయన తలుపు చాటున నిలబడి అంతా విన్నాడు. ఆ రాత్రి అవ్వ చెప్పాల్సిన అవసరం లేకుండా తనే అన్నాడు, "పోదాం లేమ్మా" అని.

పోవడం ఎలా అన్నదే చిక్కు. అవ్వ నడుము ఎద్దులబండి కుదుపులకు ఓర్చుకోదు, బస్సు మెట్లు ఎక్కలేదు. షావుకారుకు గుడ్డ టాపు కారు ఒకటి ఉండేది. నాయన అడగక అడగక అడిగితే ఆయన సరే అన్నాడు. కానీ ఆయన భార్య ఒప్పుకోలేదు. నవమి నాడు వాహనానికి పూజ చేసి మళ్లీ దాన్ని ఊరేగిస్తారా అని. అప్పుడు అవ్వ నన్ను పట్టుకొని కుంటుకుంటూ వాళ్లింటికి వెళ్లింది.

"కదపకుండా పూజ ఎట్ల చేస్తావు తల్లీ? చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కియ్యాల్నా వద్దా?" అంది.

"తొక్కియ్యాల్నే."

"తొక్కిచ్చి నాలుగడుగులు ముందరికి పోనియ్యాల్నా వద్దా?"

"పోనియ్యాల్నే."

"ఆ నాలుగడుగులు నేను పొదిలి దాకా సాగదీసుకుంటా. నీకేం నష్టం?"

షావుకారు భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చింది. బండి పోతే పోనీ, వాహనం గనక దానికి కదలడమే మర్యాద. దాని సామాను మాత్రం అమ్మవారి ముందు నుంచి కదలకూడదు. అంటే జాకీ, పానాలు, సుత్తి, టైరు విప్పే ఇనుప కడ్డీలు అన్నీ. కారు నడిపే మస్తాన్ మామ అప్పటికే వాటిని కిరసనాయిలుతో కడిగి, మెరిసేలా తుడిచి, పూజలో పెట్టి వచ్చాడు. సాయిబే అయినా ఏ దసరాకూ ఆ పని ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. "మనకు అన్నం పెట్టే ఇనుము. అది నిద్రపోతాంటే లేపుతామా?" అన్నాడు. అందరికీ ఆ ఏర్పాటు ఎంతో సబబుగా కనిపించింది. బండిని రోడ్డెక్కించి, బండిని బాగుచేసే సామానును ఇంట్లో పడుకోబెట్టి ప్రయాణం కట్టడం మా ఊరి భక్తికే చెల్లింది. పండుగ పూజ ఉంది కనుక అమ్మ ఇంట్లో ఉండిపోయింది. అవ్వ చెంబూ వక్కల సంచీ పట్టుకోవడానికి నన్ను ఎక్కించారు. బంతిపూల దండ వేసుకొని కారు నిమ్మకాయలు చిట్లించి కదిలినప్పుడు మా వీధి వీధంతా చూసింది.

అవ్వ కారెక్కడం అదే మొదటిసారి. తలుపు రెండు చేతులా పట్టుకొని, దారిలో ఎవరు కనిపించినా పలకరిస్తూ కూర్చుంది. నాయన మాత్రం ముందు సీట్లో మస్తాన్ మామ పక్కన కూర్చొని, అక్కకు ఏం చెప్పాలో లోపలే వల్లె వేసుకుంటున్నాడు. పెదవులు కదులుతున్నాయి. కొనకనమిట్ల ఇంకా రాకముందే ఒక ఎండిన వాగు. దారి అందులోకి దిగి మళ్లీ ఎక్కుతుంది. దిగడం బాగానే దిగాం. ఎక్కుతుంటే వెనక చక్రం ఒక బండరాయి మీద పడింది. ఫట్ మని చప్పుడైంది. బండి ఎలాగో గట్టెక్కి, ఒక పక్కకు ఒరిగి నిలబడిపోయింది.

మస్తాన్ మామ కిందకు దూరి చూసి, తల బయటపెట్టి, "కమాను విరిగింది సామీ" అన్నాడు. బండి బరువు మోసే ఇనుప పట్టీల కట్ట అది. అది విరిగితే బండి ఒళ్లంతా చక్రం మీద కూలబడుతుంది, చక్రం తిరగదు. అలవాటుగా ఆయన చెయ్యి సీటు కిందకు పోయింది. ఖాళీ. ఆ చెయ్యి అక్కడే పెట్టి అవ్వ వైపు చూశాడు. అవ్వ వక్కను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుంది. "నన్నేం చూస్తావు? నువ్వే గదా లేపగూడదన్నావు" అంది.

గట్టు మీదే ఒక పల్లె ఉంది. మొదట పిల్లలు వచ్చారు, తర్వాత ఆడవాళ్లు, ఆ వెనక మగవాళ్లు. మస్తాన్ మామ సంగతి చెప్పాడు. బండిని ఎత్తిపట్టి, ఇరుసుకూ పైన ఉన్న చట్రానికీ నడుమ ఒక గట్టి కొయ్య దూర్చి, తాడుతో బిగించి కడితే మెల్లగా పోవచ్చు. ఇది వినడానికి చిన్న పని. నాయన ఉత్సాహంగా, "ఒక గొడ్డలి ఇస్తే చాలు, ఈ తుమ్మకొమ్మ కొట్టుకుంటాం" అన్నాడు. ఎవరూ కదల్లేదు. గొడ్డలి పూజలో ఉంది. రంపం పూజలో ఉంది. ఊరి కమ్మరి చేతులు జోడించి, "సుత్తి ముట్టను సామీ. ఇయ్యాల ముడితే ఏడాది పొడుగునా నా మీద అలుగుతాది. చేతులతో ఏమన్నా చెప్పు, చేస్తా" అన్నాడు. కాడి ఇద్దామంటే కాడి పూజలో ఉంది, రోకలి పూజలో ఉంది, నాగలికి పసుపు పూసి దండ వేసి కూర్చోబెట్టారు. చుట్టూ తుమ్మచెట్లు, కొట్టడానికి మనుషులూ ఉన్నారు. కొట్టే వీలు మాత్రం లేదు. పొయ్యిలో పెట్టే కట్టెలు తెచ్చి చూపించారు, అవి ఆ బరువుకు పుల్లల్లా విరుగుతాయి. రాయి పెడదామంటే జారిపోతుందన్నాడు మస్తాన్ మామ.

ఎండ నడినెత్తికి వచ్చింది. నాయన రోడ్డు మీద అటూ ఇటూ తిరిగి, చివరికి ఒక రాతి మీద కూలబడ్డాడు. ఆయన్ను అంత నిస్సహాయంగా నేను ముందెప్పుడూ చూడలేదు. నాకు భయమేసి పోయి పక్కన నిలబడ్డాను. "అక్క ఇస్తరాకులు ఏసి కూచోని ఉంటది" అన్నాడు, నాతోనో తనతోనో. తర్వాత కారు వైపు తిరిగి, "అమ్మా, బండి ఇరిగిందంటే అక్క నమ్మదు. నేను రాలేక సాకు చెప్తాండాననుకుంటది" అన్నాడు.

అవ్వ కారు దిగలేదు, దిగితే మళ్లీ ఎక్కలేదు కనుక. కిటికీలోంచే అంది. "ఆ పొద్దు వాగొచ్చిందని అది చెప్తే నువ్వు నమ్మినావా?"

ఆ మాటలో కోపం లేదు. ఎన్నో ఏళ్లుగా పెదవి దాటని మాట, ఊరుగాని ఊరి దారిలో ఎలాగో బయటపడింది. నాయన తల తిప్పి మేం దాటొచ్చిన వాగు వైపు చూశాడు. ఒక్క చుక్క నీరు లేదు దాంట్లో, ఇసుక, రాళ్లు. అత్త ఒడ్డున కూర్చున్న వాగు కూడా ఇదే అయి ఉంటుందని నాకు పెద్దయ్యాక తట్టింది. ఆయనకు అప్పుడే తట్టిందేమో తెలియదు. నేనూ అడగలేదు.

ఈలోగా లచ్చుమమ్మ అనే ముసలామె ముంతలో మజ్జిగ తెచ్చి అవ్వకు ఇచ్చింది. గొర్రెలు మేపుకునే ఇంటి మనిషి, భుజాన గొంగడి ముక్క. కిటికీ దగ్గర నిలబడి, "యాడికి పోతా ఉండారక్కా ఇంత పండగ పూట?" అని అడిగింది. అవ్వ కొత్త మనిషి అనుకోలేదు, మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. తాత చావు, వాగు, నాయన అన్న మాట, అన్నీ. నాయన రాతి మీద కూర్చొనే ఉన్నాడు, వింటున్నాడు, లేచిపోలేదు. ఊళ్లో సగంమంది విన్నారు. లచ్చుమమ్మ గొంగడితో కళ్లు తుడుచుకొని, "నా బిడ్డ గూడా ఇట్లనే, మూడేండ్లాయ" అని అక్కడితో ఆపేసింది. ఆపి, వెనక్కి తిరిగి, "ఒరే, నా మంచం పట్టుకరాండిరా" అని కేకేసింది.

మంచం ఎందుకో ముందు ఎవరికీ అర్థం కాలేదు. "మంచం కోళ్లు సండ్రకొయ్యవి, రాయి మాదిరి గట్టివి. మా అత్త నాటివి. నులక పోయినేడు అల్లింది, గట్టిగా ఉండాది. కొయ్యా దొరికె, తాడూ దొరికె" అంది ఆమె.

కమ్మరికి అనుమానం వచ్చింది. "మంచం మాత్రం పనిముట్టు గాదా అవ్వా? దానికీ ఇయ్యాల..."

"మంచం పనిముట్టు యాడైతదిరా? అది పని ఎగ్గొట్టేవాళ్లది. పూజలో పెట్టాలంటే ముందు నీ ఇంటి ముసలోళ్లనందరినీ పెట్టాల" అంది లచ్చుమమ్మ. ఊరంతా గొల్లున నవ్వారు. నాయన కూడా నవ్వాడు. ఆ రోజు ఆయన నవ్వడం అదే మొదలు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మంచం వాకిట్లో బోర్లించి ఆడవాళ్లు నులక విప్పుతుంటే, పిల్లలం దాన్ని లాక్కుంటూ వీధి పొడుగునా పరిగెత్తాం. కమ్మరి మోకాలు ఆనించి వట్టి చేతులతో కోళ్లు ఊడబెరికాడు. అప్పుడు నేను గమనించిన సంగతి ఒకటుంది. గొర్రెల వెంట పోయినవాళ్లు తప్ప ఊళ్లో మగవాళ్లందరూ అక్కడే ఉన్నారు. మామూలు రోజైతే ఒక్కడు దొరకడు, అందరూ పొలాల్లో ఉంటారు. ఇనుముకు సెలవు ఇచ్చారు గనకే మనుషులు దొరికారు. జాకీ లేకపోతే ఏం, అన్ని చేతులున్నాయి. అవ్వను దిగమంటే దిగనంది. "దిగబాకులే అవ్వా, నువ్వెంత బరువు? నీతో గూడా ఎత్తుతాం" అన్నారు వాళ్లు. నాయన కండువా తీసి నా చేతిలో పెట్టి, పంచె ఎగగట్టి, వాళ్ల మధ్యలో దూరి భుజం ఆనించాడు. కలం తప్ప బరువు ఎత్తని మనిషి. ఐలెస్సా అంటే ఐలెస్సా అని బండి గాల్లోకి లేచింది. లోపల అవ్వ తలుపు పట్టుకొని "నిదానం నాయనా, నిదానం" అంటోంది. మస్తాన్ మామ కింద దూరి రెండు కోళ్లు పక్కపక్కన ఇరికించి, తడిపిన నులక చుట్లు చుట్లుగా బిగించాడు. దింపితే బండి కిర్రుమంది, కానీ నిటారుగా నిలబడింది. ఎవరో కొబ్బరికాయ తెచ్చి దానికి మళ్లీ పూజ చేయబోతే మస్తాన్ మామ దండం పెట్టి, "వద్దు తల్లీ, ఒక పూజకే ఈడికొచ్చింది" అన్నాడు.

మంచం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. తిరిగొచ్చేటప్పుడు అత్త తన ఇంటి మంచం ఒకటి ఎద్దులబండి మీద వేయించి మా వెంట పంపింది. లచ్చుమమ్మ తీసుకోవడానికి చాలా బెట్టు చేసింది. నా కోళ్లు నాకు తెచ్చియ్యండి, ఈ కొత్తది ఎవరికి గావాల అని. అవి కారు కిందే ఉన్నాయి, విప్పితే కారు ఇల్లు చేరదు. చివరికి ఒప్పుకుంది. ఆ దారిన పోయినప్పుడల్లా నాయన ఆ పల్లెలో ఆగి మజ్జిగ తాగి వచ్చేవాడు.

మొన్న వచ్చిన మెకానిక్‌ను నేనేమీ తప్పు పట్టను. పని తెలిసిన మనిషి, చకచకా చేసి వెళ్లాడు. అవ్వ నడుముకు అలాంటి ఏర్పాటు ఉంటే ఎంత బాగుండేదో. మేం ఎక్కడికి పోతున్నామని అతను అడగలేదు, చెప్పాలని మాకూ అనిపించలేదు. ఆ రోజు మాత్రం ఒక ఊరు ఊరంతటికీ మా ఇంటి గుట్టు తెలిసిపోయింది. గుట్టు దాచుకోవడం తెలిసిన మా నాయన దాన్ని అవమానం అనుకోకపోగా, బండి కదిలాక తేలికపడ్డ మనిషిలా కూర్చున్నాడు. పెదవులు కదలడం మానేశాయి. వల్లె వేసినదంతా ఆ రాతి మీదే వదిలేశాడనుకుంటాను. నడిచే మనిషికంటే కాస్త వేగంగా పోయాం. ఊరి పొలిమేర దాకా లచ్చుమమ్మ మనవలు పక్కనే పరిగెత్తారు.

పొదిలి చేరేసరికి దీపాలు పెట్టే వేళ. అత్త ఇంటి అరుగు మీద ఎవరూ లేరు. తలుపు దగ్గరగా వేసి ఉంది. నాయన కారు ఆపమన్నాడు గానీ దిగలేదు. అవ్వే "రంగమ్మా" అని పిలిచింది. ఆ గొంతులో ఎన్నేళ్ల బెంగ ఉందో, మస్తాన్ మామ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తలుపు తెరుచుకుంది. అత్త పొద్దున కట్టుకున్న పండుగ చీరలోనే ఉంది. తల్లిని చూసి ఒక్క అంగలో అరుగు దిగింది. కారులోంచి అవ్వను ఎత్తుకొని దింపినట్టే దింపి, భుజంలో ముఖం దాచుకొని, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. అవ్వ ఆమె వీపు నిమురుతూ ఉండిపోయింది.

నాయన అవతలి వైపు దిగి, బంతిపూల దండ వాడిపోయి వేలాడుతున్న బానెట్టు పక్కన నిలబడ్డాడు. చొక్కా అంతా మట్టి, భుజం దగ్గర చినిగింది. అక్క తల ఎత్తేదాకా ఆగి, "అక్కా, దారిలో..." అని మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయాడు.

అత్త తమ్ముణ్ణి పైనుంచి కిందకు ఒకసారి చూసింది. ఒరిగిన కారును కూడా చూడలేదు.

"దారి సంగతి నాకు చెప్పాల్నా రా?" అంది. "పొద్దున్నించి మేమెవరం ముద్ద ముట్టలా. తొట్లో నీళ్లున్నాయి, కాళ్లు కడుక్కొని రా."

నాయన తొట్టి దగ్గరికి వెళ్లాడు. లోపల ఇస్తరాకులు వేసే చప్పుడు వినిపిస్తోంది. నేను కండువా పట్టుకొని నిలబడ్డాను. ఆ రోజు ఆయన కాళ్లు కడుక్కోవడానికి చాలాసేపు పట్టింది.